కొత్త స్పోర్ట్స్ కూపే బుక్ చేయాలా వద్దా? పాలమూరు, నల్లగొండ వాళ్ల కోసం గేటు నుంచి మొదలయ్యే లెక్క

కొత్త స్పోర్ట్స్ కూపే, అంటే నేలకు దగ్గరగా ఉండే రెండు డోర్ల వేగం కారు, లాంచ్ అయిందంటే వారం పాటు ఎక్కడ చూసినా ఇంజన్ ముచ్చటే. హార్స్‌పవర్ ఎంత, సున్నా నుంచి వందకు ఎన్ని సెకన్లు, సైలెన్సర్ మోత ఎట్లుంది. అదంతా నిజమే. కానీ జడ్చర్లలోనో మిర్యాలగూడలోనో ఉంటూ ఆ కారుకు అడ్వాన్స్ కట్టాలా అని ఆలోచించేవాళ్లకు ఇంజన్ చివరి ప్రశ్న. ఈ తరగతిలో నాసిరకం ఇంజన్ పెట్టి బతికి బట్టకట్టిన కంపెనీ లేదు. కొన్నాక మనసు విరిగేది వేరేచోట: ఇంటి ముందరి ర్యాంపు మీద, ఊరి స్పీడ్ బ్రేకర్ మీద, వంద కిలోమీటర్ల అవతలి సర్వీస్ సెంటర్ దగ్గర. అందుకే ఈ లెక్క చివరి నుంచి మొదలుపెడదాం.

ఉదాహరణకు బీఎండబ్ల్యూ ఎం2ను తీసుకుంటున్నాను. మన దేశంలో అధికారికంగా అమ్మే కార్లలో చిన్న స్పోర్ట్స్ కూపే అన్న మాటకు అచ్చంగా సరిపోయేది అదే: రెండు డోర్లు, నాలుగు సీట్లు, 3 లీటర్ల ఆరు సిలిండర్ల ట్విన్ టర్బో ఇంజన్, పవర్ వెనక చక్రాలకు. పొడవు 4.58 మీటర్లు, వెడల్పు 1.89 మీటర్లు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం, అంటే వీల్‌బేస్, 2.75 మీటర్లు. మీరు చూస్తున్నది వేరే కారైతే బ్రోషర్‌లోంచి దాని కొలతలు తీసి ఇక్కడ పెట్టుకోండి. వాలు కప్పు అందం చాలు, వేగం అక్కర్లేదు అనుకుంటే మాత్రం ఇదంతా చదవనవసరం లేదు. 2024లో వచ్చిన టాటా కర్వ్, సిట్రోయెన్ బసాల్ట్ లాంటి కూపే ఆకారపు ఎస్‌యూవీలు చూసుకోండి, ఊర్ల రోడ్ల బాధ సగం తీరుతుంది.

మొదటి మెట్టు: గేటు, ర్యాంపు

టేపు తీసుకుని ఇంటి ముందుకు రండి. మన పట్టణాల్లో కొత్త ఇళ్లన్నీ రోడ్డు కంటే రెండు మూడు అడుగులు ఎత్తు లేపి కడుతున్నారు. గేటుకూ రోడ్డుకూ మధ్య మోరీ. దాని మీద నాలుగడుగుల పొడవున నిటారుగా ఒక ర్యాంపు. స్కూటీకి, ఇన్నోవాకు అది చాలు. కూపే ముందు మూతి నేలకు దగ్గరగా, చక్రం కంటే బాగా ముందుకు ఉంటుంది. ఇలాంటి కార్లు రాసుకోకుండా ఎక్కగలిగే వాలు పది డిగ్రీల చుట్టుపక్కలే. అంటే అడుగు ఎత్తుకు కనీసం ఆరడుగుల పొడవు కావాలి. ఎనిమిది, పది అడుగులైతే నిశ్చింత. రెండడుగుల ఎత్తున్న ఇంటికి పదహారు నుంచి ఇరవై అడుగుల ర్యాంపన్నమాట. రోడ్డు మీదికి అంత జరగలేరు కాబట్టి గేటు లోపలికి పోర్టికోను తవ్వుకోవాల్సి వస్తుంది. ఆ ఖర్చు కారు ఖర్చులోనే రాయండి.

ర్యాంపు పైఅంచు సంగతి చాలామందికి తట్టదు. వాలు అయిపోయి చదును మొదలయ్యే చోట కోసుగా ఉంటే మూతి దాటినా పొట్ట ఆనుతుంది. మేస్త్రీకి చెప్పి ఆ అంచును గుండ్రంగా కొట్టించాలి.

గేటు వెడల్పు చూసేటప్పుడు అద్దాలను లెక్కలో వేయండి. వాటితో కలిపి కారు 2 మీటర్లు దాటుతుంది. కూపే డోరు పొడుగ్గా ఉంటుంది కనుక కారు ఆపాక డ్రైవర్ వైపు గోడకు మూడడుగులైనా మిగలాలి. లేకపోతే రోజూ నడుము వంచి బయటికి జారాల్సిందే.

రెండో మెట్టు: స్పీడ్ బ్రేకర్ల కొలత

షోరూంలో మనవాళ్లు అడిగే మొదటి మాట "అన్నా, బండి బాగ కిందికున్నది గద, ఊర్లకు పోతదా?" అనే. సేల్స్‌మన్ నవ్వి "పోతది సార్" అంటాడు. ఆయన మాట అక్కర్లేదు, మీరే తేల్చుకోవచ్చు.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి, 17 మీటర్ల వ్యాసార్థపు వృత్తంలోంచి కోసిన వంపులా ఉండాలి. దాని మీద ఎం2 నడిమధ్య నిలబడితే నాలుగు చక్రాలూ ఆ వంపు మీదే ఉంటాయి. లెక్క కడితే చక్రాల మట్టం నుంచి మధ్యలో పైకి లేచేది అయిదున్నర సెంటీమీటర్లే. ఈ తరగతి కార్లకు నేల నుంచి ఎత్తు దాదాపు 12 సెంటీమీటర్లు ఉంటుంది. సుఖంగా దాటిపోతుంది.

కానీ ఆ ప్రమాణం ప్రకారం కట్టినవి మన దగ్గర ఎన్ని? ఎక్కడో ఎవరికో దెబ్బ తగిలితే తెల్లారేసరికి ఊరివాళ్లే సిమెంటు పోసి కట్టినవి, మీటరు వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తు. ముందు చక్రాలు దిగి వెనక చక్రాలు ఇంకా ఎక్కని క్షణంలో ఆ 15 మొత్తం కారు కింద నిలబడుతుంది. 12 సెంటీమీటర్ల కారు 15 సెంటీమీటర్ల దిమ్మెను ఎట్ల దాటుతుంది? నెమ్మదిగా పోయినా లాభం లేదు. ఇది వేగంతో పోయే సమస్య కాదు.

పరీక్ష ఇలా చేయండి. మేస్త్రీ దగ్గర గోడ చదును చూసే అల్యూమినియం బద్ద ఉంటుంది. వీల్‌బేస్ అంత పొడవున్నది అడిగి తెచ్చుకోండి. 10 సెంటీమీటర్ల ఎత్తున్న చెక్క ముక్కలు రెండు తీసుకుని స్పీడ్ బ్రేకర్‌కు అటొకటి ఇటొకటి పెట్టి వాటి మీద బద్ద ఆనించండి. మధ్యలో బద్ద దిమ్మెకు తగిలిందా, మీ కారు పొట్ట కూడా తగులుతుంది. బ్రోషర్‌లో 12 ఉంటే 10 ఎందుకంటే, నలుగురు కూర్చుని సామాను వేస్తే కారు కొంత కుంగుతుంది. ఇంటి నుంచి హైవే దాకా, ఇంటి నుంచి అత్తగారి ఊరి దాకా దారిలో అనుమానంగా ఉన్నవన్నీ ఇలా చూడండి. తెల్లారుజామున ట్రాఫిక్ లేనప్పుడు పోతే ఇబ్బంది ఉండదు. చూసినోళ్లు రోడ్ల శాఖ మనిషి అనుకుని మీకే రెండు ఫిర్యాదులు చెప్తారు, వినేసి రండి.

తగిలేవి ఒకటి రెండే ఉంటే ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కించి దాటే ఉపాయం చాలావరకు పనిచేస్తుంది. రోజూ పోయే దారిలో అయిదారు ఉంటే ఇక్కడే ఆపేయండి. మిగతా మెట్లు మీకు అవసరం లేదు. కొన్ని కార్లకు బటన్ నొక్కితే మూతి పైకి లేచే ఏర్పాటు ఉంటుంది. ర్యాంపుల దగ్గర అది బాగా పనికొస్తుంది, ఆప్షన్ లిస్టులో కనబడితే మిగతావి తగ్గించుకునైనా తీసుకోండి. అది లేపేది ముందు భాగాన్నే కాబట్టి ఊరి దిమ్మెల విషయంలో పూర్తిగా దాని మీద ఆధారపడొద్దు.

మూడో మెట్టు: ఏ రోడ్డు మీద నడుపుతారు?

ఒక కాగితం మీద మీ నెల ప్రయాణాలు రాయండి. మహబూబ్‌నగర్ వాళ్లదైతే జడ్చర్ల దాకా వచ్చి, 44వ నంబర్ జాతీయ రహదారి ఎక్కి షాద్‌నగర్ మీదుగా శంషాబాద్. నల్లగొండ వాళ్లదైతే నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబర్ ఎక్కి చిట్యాల, చౌటుప్పల్ మీదుగా హైదరాబాద్. రెండూ డివైడర్ ఉన్న వెడల్పాటి రోడ్లే. అక్కడ కారుకు 2018 కేంద్ర నోటిఫికేషన్ ఇచ్చే గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద 120. ఎం2కు 100 దాటడానికి నాలుగు సెకన్లు చాలు. ఆ తర్వాత మీరూ, పక్కన పోయే ఐ20 వాళ్లూ ఒకే వేగం.

మరి ఆనందం ఎక్కడ? మలుపుల్లో. మనకు దగ్గర్లో మంచి మలుపులున్న రోడ్డంటే అచ్చంపేట, మన్ననూరు దాటాక శ్రీశైలం ఘాట్. రోడ్డు అందంగానే ఉంటుంది, కానీ అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మన్ననూరు దగ్గర గేటు మూస్తారు. పగలు రోడ్డు నిండా కోతులు, వాటికి అరటిపండ్లు విసిరే యాత్రికులు. అక్కడ ఈ కారు సత్తా చూపించాలనుకోవడం తప్పని నా అభిప్రాయం. నిజంగా చూడాలనుంటే చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్ ఉంది, కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. ట్రాక్ డేలు పెట్టినప్పుడు ఫీజు కట్టి నడపవచ్చు. ఏడాదికి ఒకసారైనా అంత దూరం పోతారా? నిజాయితీగా రాయండి.

పంట కాలం సంగతి హైదరాబాద్ రివ్యూల్లో దొరకదు. యాసంగి కోతలప్పుడు, అంటే ఏప్రిల్, మే నెలల్లో, మళ్లీ వానకాలం పంటకు నవంబర్, డిసెంబర్లలో, మన ఊర్ల రోడ్లు సగం కల్లాలే. వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పేరుస్తారు. రాత్రిపూట ఆ రాయి కనబడదు. 30 ప్రొఫైల్ టైరుకు, అంటే పక్కన రబ్బరు సన్నగా ఉండే టైరుకు, అల్లాయ్ వీల్‌కు ఆ రాయి చాలు. వడ్ల గింజల మీద వెడల్పాటి వెనక టైరు పట్టు వదిలితే, వెనక చక్రాలకే పవర్ ఉన్న కారు తోక తిప్పుతుంది. ఇంకా ప్రమాదం గడ్డి: కారు కింద వేడి సైలెన్సర్‌కు చుట్టుకుంటే అంటుకుంటుంది. ఎత్తున్న కార్లకే ఇది జరిగింది, నేలకు ఆనుకుని పోయే కారు సంగతి చెప్పేదేముంది. రైతును అనడానికి లేదు, ఆయనకు వేరే జాగా లేదు. ఆ నెలల్లో ఊరికి పోవడానికి ఇంట్లో ఇంకో బండి ఉందా లేదా అన్నదే మీ ప్రశ్న.

నా మట్టుకు ఇదే అసలు షరతు. రెండో కారు లేని ఇంట్లోకి కూపే రాకూడదు.

నాలుగో మెట్టు: టెస్ట్ డ్రైవ్‌కు ఎవరిని తీసుకుపోవాలి?

దోస్తును కాదు. ఇంట్లోవాళ్లను. మోకాళ్ల నొప్పులున్న అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టి, లేచి రమ్మనండి. ముందు సీటు వంచి పిల్లల్ని వెనక్కి పంపండి, సీటుబెల్టు వాళ్లే పెట్టుకోగలరేమో చూడండి. సాధ్యమైతే మే నెల మధ్యాహ్నం పోండి. నల్లగొండలో ఎండ 44 డిగ్రీలు దాటే రోజుల్లో వాలు అద్దాల కింద వెనక సీటు ఎట్లుంటుందో, ఏసీ ఎంతసేపట్లో చల్లబరుస్తుందో అప్పుడే తెలుస్తుంది.

షోరూం వాళ్లు నున్నటి రోడ్డు మీదే తిప్పుతారు. పాచ్‌లు వేసిన ఏదైనా కాలనీ రోడ్డు మీదికి తీసుకుపొమ్మని అడగండి. కంఫర్ట్ మోడ్‌లో కూడా నడుము అదిరితే ఆ కారు మీది కాదు. ఎం2లో ఆటోమేటిక్‌తో పాటు ఆరు గేర్ల మాన్యువల్ కూడా వస్తుంది. ఎల్బీనగర్ ట్రాఫిక్‌లో ఆ క్లచ్ తొక్కుతూ ఒకసారి పోయి వచ్చాక ఏది కావాలో మీ ఎడమకాలే చెప్తుంది.

అయిదో మెట్టు: డబ్బు

ఎక్స్ షోరూం ధర కోటి అనుకుందాం. 20 లక్షలు దాటిన కార్లకు తెలంగాణలో జీవిత పన్ను దాదాపు అయిదో వంతు. అంటే 20 లక్షల దాకా. మీ పేరు మీద ఇప్పటికే ఒక కారు ఉంటే ఇంకో 2 శాతం అదనం. 10 లక్షలు దాటిన కారుకు 1 శాతం టీసీఎస్, అంటే అమ్మేవాళ్లే ముందుగా పట్టి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను, కూడా వసూలు చేస్తారు. ఈ లక్ష మాత్రం పోదు, ఆదాయపు పన్ను రిటర్న్‌లో సర్దుకోవచ్చు, లేదా వాపసు తీసుకోవచ్చు. వ్యవసాయ ఆదాయం తప్ప ఇంకేమీ లేదని రిటర్న్ వేయని కుటుంబాలు ఈ డబ్బు కోసమైనా వేయాలి. ఇన్సూరెన్స్ కలిపితే రోడ్డు మీదికి వచ్చేసరికి కోటీ పాతిక లక్షల దగ్గర తేలుతుంది.

లోన్ తీసుకుంటే? 80 లక్షలు, 9 శాతం వడ్డీ, అయిదేళ్లు. నెలకు 1 లక్షా 66 వేలు. అయిదేళ్లలో కట్టే వడ్డీయే 19 లక్షలు దాటుతుంది.

పన్ను తప్పించుకుందామని పుదుచ్చేరి నంబర్‌తో తెచ్చే సలహా ఎవరో ఒకరు ఇస్తారు. వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి నడిపితే అక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించుకోవాలని మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. కోటి రూపాయల ఎర్ర కారును మహబూబ్‌నగర్ లాంటి ఊళ్లో ఎంతకాలం దాస్తారు?

ఇన్సూరెన్స్‌లో రిటర్న్ టు ఇన్వాయిస్ అనే యాడ్ ఆన్ (కారు పూర్తిగా పోతే కొన్న బిల్లు విలువ ఇచ్చే అదనపు కవర్) తప్పకుండా తీసుకోండి. మామూలు పాలసీలో కారు విలువ మొదటి ఆర్నెల్లు దాటగానే 15 శాతం, మూడో ఏట 30 శాతం, అయిదో ఏట 50 శాతం కోసి లెక్కిస్తారు. కారు పూర్తిగా పోతే వచ్చేది ఆ కోసిన విలువే. మీరు కట్టిన 20 లక్షల జీవిత పన్ను అందులో ఉండనే ఉండదు. టైర్లకు, ఇంజన్‌లోకి నీళ్లు పోవడానికి విడిగా కవర్లుంటాయి, వాటినీ తీసుకోండి. జీరో డిప్రిసియేషన్, అంటే మార్చిన విడిభాగాల ధరలో అరుగుదల కోయకుండా ఇచ్చే కవర్ సంగతి చెప్పనవసరం లేదు.

ఫ్యాన్సీ నంబర్ వేలం ఖర్చు నేను ఇందులో వేయలేదు. టీజీ 05 అయినా టీజీ 06 అయినా తొమ్మిదుల మీద మనవాళ్ల మోజుకు లెక్కలు పనిచేయవు.

ఆరో మెట్టు: మొదటి బ్యాచ్‌లో దూకాలా, ఆగాలా?

ఇక్కడ సూటి జవాబు లేదు, ఉదాహరణలున్నాయి. ఎం2 ఇప్పటి తరం 2023 మేలో 98 లక్షల ఎక్స్ షోరూం ధరకు మన దేశానికి వచ్చింది, 460 హార్స్‌పవర్‌తో. ఏడాదిన్నర తిరక్కుండానే, 2024 నవంబర్‌లో, అదే కారు 480 హార్స్‌పవర్‌తో, 1 కోటీ 3 లక్షలకు వచ్చింది. ఆగినవాళ్లకు 20 హార్స్‌పవర్ ఎక్కువొచ్చింది, 5 లక్షలు ఎక్కువ పోయింది. తర్వాత 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద కార్ల మీద జీఎస్టీ, సెస్సు రెండూ కలిపి 48, 50 శాతం దాకా ఉన్నది 40కి దిగింది. అప్పటిదాకా ఆగినవాళ్లు గెలిచారు. దీన్ని ముందుగా ఊహించి ఆగినవాళ్లు ఎవరూ లేరు.

లోపాల సంగతి కూడా అంతే. 2012లో వచ్చిన టయోటా 86, సుబారు బీఆర్‌జెడ్ జంటకు 2018లో రీకాల్ వచ్చింది, మొదటి ఏడాది కార్ల ఇంజన్‌లో వాల్వ్ స్ప్రింగులు విరిగే ప్రమాదం ఉందని. ఆరేళ్ల తర్వాత! ఏడాది ఆగితే అన్నీ బయటపడతాయనేది భ్రమ. ఆగడం వల్ల తెలిసేవి చిన్నవి: సాఫ్ట్‌వేర్ తిక్కలు, బ్రేకుల కీచు, ఏసీ చాలకపోవడం. ఇలాంటి కార్లు విదేశాల్లో కొన్ని నెలల ముందే రోడ్డెక్కుతాయి కాబట్టి అక్కడి ఓనర్ల మాటలు ముందు చదవండి.

"కొన్నే తయారు చేస్తున్నాం సార్, ఇప్పుడు బుక్ చేయకపోతే దొరకదు" అన్న మాటకు మాత్రం లొంగొద్దు. 2011లో బీఎండబ్ల్యూ 1ఎం కూపేను 2,700 మాత్రమే చేస్తామంది. గిరాకీ చూశాక 6,000 పైచిలుకు చేసింది.

నా తూకం ఇది: గేటు, స్పీడ్ బ్రేకర్, రెండో కారు, డబ్బు, ఈ నాలుగూ సరిపోతే ఆగనక్కర్లేదు. వాటిలో ఏ ఒక్కటి ఊగిసలాడినా తర్వాతి మార్పు వచ్చేదాకా ఆగండి. ఆ లోపు తక్కువ తిరిగిన సెకండ్ హ్యాండ్‌వి కూడా బయటికొస్తాయి, జీవిత పన్ను మొదటి ఓనరే కట్టేసి ఉంటాడు.

ఏడో మెట్టు: సర్వీసు, టైర్లు, పెట్రోల్

సర్వీసు హైదరాబాద్‌లోనే. కొన్న కొత్తలో బీఎండబ్ల్యూ ఎం కార్లకు 2,000 కిలోమీటర్ల దగ్గర రన్నింగ్ ఇన్ సర్వీసు ఉంటుంది, అప్పటిదాకా ఇంజన్‌ను గట్టిగా తిప్పకూడదు. మహబూబ్‌నగర్ నుంచి పది సార్లు హైదరాబాద్ పోయి వస్తే ఆ 2,000 అయిపోతుంది. కారు ఆగిపోతే ఫ్లాట్‌బెడ్ లారీయే రావాలి. వెనక్కి కొండి తగిలించి లాగే మామూలు బండిని దగ్గరికి రానీయొద్దు. మీ ఊరి పేరు చెప్పి, రోడ్‌సైడ్ అసిస్టెన్స్ అక్కడిదాకా వస్తుందా, ఎన్ని కిలోమీటర్ల దాకా ఉచితం అని ముందే రాతపూర్వకంగా అడగండి.

ఎం2కు స్టెప్నీ లేదు. వెనక టైరు 285/30 ఆర్20, అంటే రిమ్ముకూ రోడ్డుకూ మధ్య ఉన్న రబ్బరు ఎనిమిదిన్నర సెంటీమీటర్లే. నార్కట్‌పల్లి దగ్గర టైరు పక్క చీలితే పంక్చర్ షాపాయన ఏమీ చేయలేడు. ఆ సైజు ఆయన దగ్గర ఉండదు.

పెట్రోల్: మామూలు బంకుల్లో ఇప్పుడు వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసినదే. పెట్రోల్ మూత లోపల, మాన్యువల్‌లో ఈ20కి అనుమతి ఉందో లేదో చూడండి. ఇలాంటి టర్బో ఇంజన్లు 95 నుంచి 98 ఆక్టేన్ (పెట్రోల్ ఒత్తిడికి ముందే అంటుకోకుండా ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె) కోరతాయి. తక్కువ పోస్తే ఇంజన్ తనను తాను కాపాడుకోవడానికి పవర్ తగ్గించుకుంటుంది. 100 ఆక్టేన్ పెట్రోల్ పెద్ద నగరాల్లో, అదీ కొన్ని బంకుల్లోనే. 52 లీటర్ల ట్యాంకు హైదరాబాద్‌లో నింపుకుని వస్తే మళ్లీ పోయేదాకా సరిపోతుంది.

ఎనిమిదో మెట్టు: బుకింగ్ కాగితం

అడ్వాన్స్ ఇచ్చే ముందు బుకింగ్ ఫారంలో నాలుగు మాటలు రాయించండి. క్యాన్సిల్ చేస్తే ఎంత వెనక్కి వస్తుంది, ఎన్ని రోజుల్లో వస్తుంది. డెలివరీ ఎప్పటిలోగా. ఈ మధ్యలో ధర పెరిగితే ఆ భారం ఎవరిది. ఏ నెలలో తయారైన కారు ఇస్తారు. అడ్వాన్స్ కంపెనీ ఖాతాలోకే వేయండి, సేల్స్‌మన్ ఫోన్ నంబర్‌కు కాదు.

తేడా వస్తే ఎక్కడికి పోవాలో కూడా తెలిసుండాలి. చెల్లించిన మొత్తం 50 లక్షల లోపైతే నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు. షోరూం హైదరాబాద్‌లో ఉన్నా మీరు ఉండే జిల్లాలో వేయవచ్చని 2019 చట్టం చెప్తుంది. 50 లక్షలు దాటి 2 కోట్ల దాకా అయితే హైదరాబాద్‌లోని రాష్ట్ర కమిషన్‌కు పోవాలి. అందుకే రసీదులు, వాట్సాప్ మెసేజ్‌లు ఏవీ చెరిపేయొద్దు.

రిజిస్ట్రేషన్ చేయించడానికి ముందే స్టాక్‌యార్డులో కారును పగటి వెలుగులో చూడండి. ఛాసిస్ నంబర్ ఇన్వాయిస్‌తో సరిపోవాలి. టైర్ల పక్కన ఉండే నాలుగంకెల్లో మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం: నాలుగు టైర్లూ దగ్గరదగ్గర తేదీలవి కావాలి. ఓడలో, ట్రైలర్ మీద వచ్చిన కారు కనుక ముందు బంపర్ కింది అంచు, రిమ్ముల అంచులు వేలు పెట్టి తడమండి. డెలివరీ డిసెంబర్ ఆఖరులో పడితే జనవరికి జరిపించుకోండి, అమ్మే రోజున రిజిస్ట్రేషన్ సంవత్సరం కూడా ధరలో లెక్కకొస్తుంది. ఇంటికి తెచ్చే దారి ముందే బద్దతో కొలిచిన దారే కావాలి, గుడి దగ్గర పూజకు వేరే వీధిలోంచి తిప్పాలంటే ముందురోజు ఆ వీధి కూడా చూసి రండి.